రెండు రేవులు

16 నవంబరు 1981, సోమవారం

మూడో నోటు పుస్తకం కనబడడం లేదు. అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను.

రెండేళ్లుగా ఒక ఓడ కథే రాస్తూ వచ్చాను. నా గురించి ఒక్క మాట రాసుకోలేదు. ఇప్పుడు ఈ సంగతి ఎవరికీ చెప్పలేను. ప్రార్థనలో చెబుదామని మోకరించాను. "ప్రభువా, నా నోటు పుస్తకం" అనే వరకు వచ్చి ఆగిపోయాను. ఆయనకు తెలియదని కాదు, నా నోటితో అనలేకపోయాను. కాగితం మీద అయితే చెయ్యి ఒక్కటే కదులుతుంది.

ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. నేనే పంపాను.

నిన్న కోత పండుగ. పొలాలున్న వాళ్లు వడ్లు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి చర్చిలో పెట్టారు. మా ఆడపిల్లల హాస్టల్‌కు పొలం లేదు, కోడి లేదు. అందుకని పిల్లలు రాసి ముగించిన నోటు పుస్తకాలను ఏటా కట్ట కట్టి కానుకగా పంపుతాం. ఆరాధన అయ్యాక అన్నిటితో పాటు దాన్నీ వేలం వేస్తారు. పదకొండేళ్లుగా ఆ కట్ట నేనే కడుతున్నాను. మొన్న శనివారం కూడా నేనే పురికొసతో ముడి వేసి, మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపాను. నా పుస్తకాలకూ పిల్లల పుస్తకాలకూ అట్ట ఒకటే, మిషను నుంచి వచ్చే గోధుమరంగు అట్ట. ఒకటీ రెండూ నా పెట్టెలోనే ఉన్నాయి. మూడోది కిటికీలో పెట్టి, వంటమనిషి రంగమ్మ పిలిస్తే లేచి వెళ్లాను. తిరిగి వచ్చి కిటికీలో ఉన్నవన్నీ కట్టలో కలిపాను.

ఆ కట్టను వేలంలో పాడుకున్నది సంజీవయ్య సారు. ఖాళీ కాగితాలు చించి కుట్టించి సంఘం కమిటీకి పుస్తకాలు చేయిస్తారు. ఆయనే కమిటీ కార్యదర్శి. మిషను బళ్లలో ఏ టీచరు ఉండాలో ఎవరు పోవాలో ఆయన మాటే చివరి మాట.

ఆయన పాడుకున్నప్పుడు నేను చప్పట్లు కూడా కొట్టాను.

17, మంగళవారం

పిల్లలు బడికి పోయాక సారు ఇంటికి వెళ్లాను. ఆయన భార్య జీవమ్మక్క వసారాలో కట్ట విప్పుకుని కూర్చుంది. ఒక్కొక్క పుస్తకం తిరగేసి ఖాళీ కాగితాలు చించి పక్కన పెడుతోంది. సారు నులక మంచం మీద ఉన్నారు. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి, మనిషిని గొంతుతోనే పోల్చుకుంటారు.

"ఎవరది?"

"హాస్టల్ లూదియాను సారూ."

"రామ్మా. మీ పిల్లోల్లు ఈసారి కాగితం ఒగటి కూడా ఇడిసిపెట్టలేదే."

"ఒగ పిల్ల సున్నాలకే సగం పుస్తకం చేసింది మే," అంది జీవమ్మక్క. "లెక్క తప్పయినా సున్నా మాత్రం గుండ్రంగా పెట్టింది."

నవ్వాను. స్త్రీల సమాజం కూడిక ఎప్పుడని అడిగాను. ఆ సంగతి నాకు తెలుసు, నోటీసు రాసింది నేనే. నా పుస్తకం కట్టలో కింద ఉందో, పైన ఉందో, అయిపోయిన వాటిలో ఉందో తెలియలేదు. అడిగితే ఏ పుస్తకం అంటారు. ఎందుకంటారు. లేచి వచ్చేశాను.

ఆ పుస్తకంలో ఏముందో పేజీ పేజీ గుర్తు చేసుకుంటున్నాను. చదివితే వాళ్లకు ఏం కనబడుతుందో తెలియాలి కదా.

ఓడ ఉంది. రెండు వందల ఏళ్ల కిందటి తెరచాపల ఓడ. దాని మీద టామస్ అనే దొర, చిన్న అధికారి. కోరంగి రేవులో ఎక్కిన వీరన్న అనే వడ్రంగి. ఓడ ముక్కున చెక్క బొమ్మ పగిలితే కొత్తది చెక్కడానికి అతన్ని తీసుకున్నారు. గాలి ఆగిపోయి ఓడ పద్దెనిమిది రోజులు కదలదు. ఆ పద్దెనిమిది రోజుల్లో వాళ్లిద్దరూ ఒకరికొకరు ప్రాణం అవుతారు. స్నేహం అని రాయలేదు. ప్రేమ అనే రాశాను. ఆ కాలంలో ఓడ మీద అది ఉరికంబం ఎక్కించే నేరం. మూడో పుస్తకం చివర కప్తానుకు తెలిసిపోతుంది. ఇద్దరినీ కింద గదిలో వేసి తాళం పెడతాడు. అక్కడ ఆపాను.

నేను సముద్రం చూడలేదు. పిల్లలతో శ్రీశైలం పోయినప్పుడు డ్యాం వెనక నిలిచిన నీళ్లు చూసి, వాటిని వంద రెట్లు చేసుకున్నాను. ఓడ ఊగేది మాత్రం ఆళ్లగడ్డ బస్సు నుంచి తీసుకున్నాను. మిగిలినదంతా మిషను దొరసానమ్మ వెళ్లిపోతూ వదిలిన ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. అందులోనే ఒక వాక్యం ఉంది. ఫలానా ఓడలో ఇద్దరు మనుషులను ఆ నేరానికి ఉరి తీశారని. పేర్లు కూడా లేవు. నిఘంటువు పెట్టుకుని మూడుసార్లు చదివాను. ఆ మర్నాడే రాయడం మొదలుపెట్టాను.

దీని గురించి దేవుని వాక్యం ఏమంటుందో నాకు తెలుసు. తెలిసే రాశాను.

అది ఓడ కథ. అంతే.

18

ఏమీ జరగలేదు.

19

ఏమీ జరగలేదు. ఒకచోట టామస్ అని రాయవలసిన దగ్గర కరుణాకర్ అని నా తమ్ముడి పేరు రాశాను. రాసిన రోజే చూసుకున్నాను. కొట్టేశానో లేదో గుర్తు రావడం లేదు.

21, శనివారం

కరుణాకర్ ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు, నాకు పదిహేడు. వాడిని తమ్ముడని అంటారు గాని నా చంకలో పెరిగాడు. ముప్పై ఏడేళ్లు వచ్చాయి. అక్కడ మా మిషను బడిలో లెక్కలు చెబుతాడు.

"మొగం అట్ల పీక్కపోయిందేందక్కా? జొరమా?"

"ఏం లేదు. ఆడ సరిగ్గా తింటాండావా?"

"ఓబులు రొట్టె చేస్తాడు, నేను కూర చేస్తా. ఆయప్ప రొట్టె తినాలంటే ఉలి కూడా పక్కన పెట్టల్ల."

ఓబులాచారి రాతి విగ్రహాలు చెక్కే మనిషి. కరుణ ఆయన ఇంట్లో ఉంటాడు. బడికి దగ్గర, అద్దె తక్కువ, ఒంటరి మనిషికి వండిపెట్టే దిక్కు లేదు. అందుకే.

పోయిన వేసవిలో వాడికి జ్వరం వస్తే నేను వెళ్లి నాలుగు రోజులున్నాను. చిన్న ఇల్లు. ఒకే మంచం. మూడో రోజు జ్వరం తగ్గి వాడు లేచి పనిచోటికి వెళ్లాడు. ఓబులు దేవత విగ్రహం ముందు కూర్చుని ఉన్నాడు, కనురెప్పల మీద తెల్లటి రాతి దుమ్ము. కరుణ తువ్వాలు తడిపి ఆ రెప్పలు తుడిచాడు. ఏదో రోజూ చేసే పని లాగా. ఓబులు ఉలి దించకుండా మొహం మాత్రం ఎత్తి పెట్టాడు. నేను విగ్రహం వైపు చూడకూడదని పక్కకు తిరిగాను. విగ్రహం వల్లే పక్కకు తిరిగాను.

నా కథలో టామస్ తడిగుడ్డతో వీరన్న రెప్పల మీద చెక్కపొట్టు తుడుస్తాడు. అది అప్పటికే రాయాలనుకున్నదే.

నెల కిందట కమిటీకి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. క్రైస్తవ ఉపాధ్యాయుడు పెళ్లి మానుకుని విగ్రహాలు చేసేవాడితో ఒకే ఇంట్లో సంసారం చేస్తున్నాడని. సంసారం అనే రాశారట.

"పదమూడో తారీకు కమిటీకి రమ్మన్యారక్కా. ఉద్యోగం తీసేస్తారంట. చర్చిలో రొట్టె ఇచ్చే ప్రభువు బల్లకూ రానియ్యరంట."

"ఇల్లు మారరాదా నాయనా? ఇంకో గది చూసుకుంటే ఆ మాట పోతాది."

"నువ్వడిగేది గది గురించి కాదుగదక్కా," అన్నాడు.

సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. నా పుస్తకం సంజీవయ్య సారు ఇంట్లో ఉందని చెప్పలేదు. ఆ పుస్తకం ఒకటి ఉందనే వాడికి తెలియదు. ఉత్తరంలో ఉన్నది ఎవరో చూసి రాసిన మాట. నా పుస్తకంలో ఉన్నది వాడి సొంత అక్క సాక్ష్యం. పేరుతో సహా.

24, మంగళవారం

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తాను.

మధ్యాహ్నం జీవమ్మక్క వచ్చింది, బుట్టలో మునక్కాయలు వేసుకుని.

"తలుపెయ్ మే."

వేశాను. మునక్కాయల కింది నుంచి గోధుమరంగు అట్ట తీసింది.

"స్త్రీల సమాజం మినిట్ల పుస్తకం ఇన్నేండ్లుగా చూస్తాండా. నీ రాత నాకు తెలీదా?"

"సారుకు చూపించినావా అక్కా?"

"ఆయనకేం కనపడతాది చూపించేకి? చదివి వినిపించినా."

మంచం అంచున కూర్చున్నాను. ఆమె పక్కన కూర్చుంది.

"పొద్దు మళ్లితే ఆయనకు ఏదో ఒగటి చదవల్ల. ఇంట్లో ఉండేవన్నీ రెండు తూర్లు అయిపోయినాయి. ఓడ అని ఉంటే మిషను దొరల ప్రయాణమేమో అనుకొని ఎత్తుకున్యా. నాలుగు పేజీలు పోయినాక అర్థమయింది."

"అప్పుడన్నా ఆపొచ్చు కదా!"

"ఆపినా. ఎందుకాపినావు, చదువు అన్యాడు."

"ఆయనకు అర్థం కాలేదేమో."

"నలభై ఏండ్లు బడి చెప్పినోడు, అర్థం గాకేం? ఆ రెప్పలు తుడిచే కాడ నీళ్లడిగి తాగినాడు. మల్ల చదువు అన్యాడు."

ఎవరు రాశారని చెప్పావు అని అడిగాను.

"దొరసాని ఎవరో రాసింటే మనోల్లు తెలుగు చేసినారని చెప్పినా. ఈ వయసులో నాతో అబద్ధం ఆడించినావు కదే." కిటికీ వైపు చూస్తూ అంది. "ఒగచోట నీ తమ్ముని పేరుండాది. నేను నోట్లోనే మింగేసినా."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. లేచేటప్పుడు అంది:

"మొదటి పుస్తకాలు ఇయ్యి. ఆయనకు మొదలూ కావల్ల, చివరా కావల్ల. ఉరేస్తారా లేదా అని అన్నం కాడ అడుగుతాండాడు. చివర యాడుంది?"

"రాయలేదు."

"అయితే బేగా రాయి. కమిటీ లోపల రాయి."

"కమిటీకీ దీనికీ ఏం సంబంధమక్కా?"

"నాకేం తెలుసు? హైస్కూలు చదివినదానివి నువ్వు."

మూడో పుస్తకంలో ఆ పేరును గోరుతో గీకి, మీద సిరా పోసి, రెండు పుస్తకాలతో కలిపి ఇచ్చి పంపాను. ఇవ్వకపోతే ఆయనకు అనుమానం వస్తుంది. ఇస్తే ఏమొస్తుందో తెలియదు.

27, శుక్రవారం

మొదటి నుంచీ వాళ్లిద్దరినీ తుఫానులో ముంచేయాలనే అనుకున్నాను. పాపం రాసినా చివర శిక్ష రాస్తే నాకు క్షమాపణ ఉంటుందని. రెండేళ్లు ఆ ధైర్యంతోనే రాశాను.

ఇప్పుడు ముంచలేను. వినేది సంజీవయ్య సారు. దేవుడే ముంచాడు కదా, మనం ఉద్యోగం తీసేస్తే తప్పేముంది అనుకుంటారు.

30

కప్తాను తాళం తీసి ఇద్దరినీ వదిలేసినట్టు రాశాను. నేరపత్రం చించి నీళ్లలో వేస్తాడు. వీరన్న పైకి వచ్చి చెక్క బొమ్మకు కళ్లు చెక్కేది మిగిలిందని ఉలి తీసుకుంటాడు. టామస్ తడిగుడ్డ తెస్తాడు. అందరూ చూస్తుండగానే.

రెండు పేజీలు. ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు. చదువుకుని ఏడ్చాను.

తర్వాత భయం పట్టుకుంది. సారుకు కోపం వస్తే? ఇంత బరితెగించి రాసిందెవరని పుస్తకం ఇంకొకరి చేతికిచ్చి చదివిస్తే? సిరా కింద ఏముందని ఎండకు పట్టి చూస్తే? పొయ్యిలో వేశాను.

"ఏందమ్మా అది, నూనె పోసినట్ల మండుతాండాది," అంది రంగమ్మ.

"పాత కాగితాలు."

డిసెంబరు 4, శుక్రవారం

దొరికింది. ఎవరికీ కోపం రాని ముగింపు.

కప్తాను ఉరి తీయడు. క్షమించడు కూడా. వీరన్నను కోరంగి రేవులో దింపేస్తాడు. టామస్‌ను చెన్నపట్నం రేవులో వేరే ఓడ ఎక్కిస్తాడు. ఒకరి మొహం ఒకరు చూడకూడదని ఆజ్ఞ. ప్రాణాలు దక్కాయి, ఓడకు మచ్చ రాలేదు. కప్తాను ఆ రోజు కడుపునిండా తిని నిద్రపోతాడు.

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాలుగుసార్లు వెతికాను. నాలుగో పుస్తకంలో రాసి జీవమ్మక్కకు ఇచ్చేశాను.

9, బుధవారం

జీవమ్మక్క వచ్చింది. నిన్న చదవడం అయిపోయిందట.

"ఏమన్యాడు?"

"బాగుందన్యాడు. కప్తాను తెలివిగల్లోడు, ప్రాణమూ పోలేదు, ఓడ మర్యాదా పోలేదు అన్యాడు. చివరి పేజీ రెండు తూర్లు చదివించుకున్యాడు."

ప్రభువుకు స్తోత్రం అన్నాను. పది రోజుల తర్వాత ఆకలి తెలిసింది.

"నాకు మాత్రం బాగలేదు," అంది. "ఆ వడ్రంగాయన్ను ఒక్కన్నే ఒడ్డున ఇడిసిపెడితివి. కలం నీ చేతిలోనే ఉండె కదా మే. ఎవరు నీ చెయ్యి పట్టుకున్యారు?"

ఆమెకు కథలంటే పిచ్చి. అన్నీ కలిసిపోవాలంటుంది. భయపడవలసింది ఇక ఏమీ లేదు.

13, ఆదివారం

ఆరాధన అయ్యాక కమిటీ చర్చి పక్క గదిలో కూర్చుంది. నేను కిటికీ బయట, కాఫీ గ్లాసులు కడిగే చోట నిలబడ్డాను. కరుణ లోపల తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

కోశాధికారి దేవసహాయం గారు లేచారు. "ఇంకా చర్చ ఏందీ? తీసిపారేయండి. మన పిల్లోల్లకు ఇట్లాంటోడు చదువు చెప్పేదా?"

నలుగురు అవునన్నారు. నేను గ్లాసు కడుగుతూనే ఉన్నాను. అదే గ్లాసు.

సంజీవయ్య సారు కర్ర నేల మీద తట్టారు. "కూర్చోప్పా దేవసహాయం. తీసేస్తే వాని బతుకు పోతాది. ఆడనే ఉంచితే సంఘం మాట పోతాది. రెండూ పోకుండా ఒగ దారుండాది."

ఆయన ముగించక ముందే నాకు తెలిసిపోయింది.

"కొలిమిగుండ్ల బడికి మార్చుదాం. జనవరి ఒకటో తేదీ నుంచి. ఆడ సంఘం చూసుకునే ఉపదేశి ఇంట్లోనే ఉండల్ల. ఆళ్లగడ్డకు పోకూడదు, ఆ విగ్రహాలు చేసే ఆయప్ప ఆడికి రాకూడదు. ఉద్యోగం ఉంటాది, బల్ల ఉంటాది. ఒగ తూరి ఒగరినొగరు చూసినారంటే మాత్రం రెండూ ఉండవు."

దేవసహాయం గారు కూడా ఒప్పుకున్నారు. అందరికీ నచ్చింది. ఎవరికీ కోపం రాలేదు.

బయటికి వచ్చేటప్పుడు సారు ఒక చెయ్యి జీవమ్మక్క భుజం మీద వేసి నడుస్తున్నారు. నేను నమస్కారం చెప్పాను. గొంతు పోల్చుకున్నారు.

"లూదియమ్మా, మీ తమ్ముని ఉద్యోగం నిలబెట్టినా. దేవుడే దారి చూపించినాడు."

"స్తోత్రం సారూ," అన్నాను.

జీవమ్మక్క నా వైపు చూడలేదు.

14

ఏమీ తినలేదు.

19, శనివారం

కరుణ మార్పు ఉత్తరువు తెచ్చి చూపించాడు. మడిచి మడిచి మడత దగ్గర కాగితం మెత్తబడింది.

"ఓబులు ఏమన్యాడు?" అని అడిగాను. వాడి దగ్గర ఆ పేరు నేనుగా ఎత్తడం ఇదే మొదటిసారి.

"పనికి కూర్చున్యాడు. ఇరవై ఏండ్లలో ఒగ విగ్రహానికి ముక్కు పోగొట్టినోడు కాదక్కా. మొన్న పోగొట్టినాడు. నాలుగు నెలల పని. చేతులకల్ల చూసుకుంటా కూర్చున్యాడు."

వాడికి అన్నం పెట్టాను. కలిపాడు గాని తినలేదు.

"కొలిమిగుండ్లకు పోనంటే ఏమవుతాదక్కా?"

"ఉద్యోగం పోతాది నాయనా. ఊరంతా తెలుస్తాది. ఆయప్పకు కూడా పని ఇయ్యరు ఎవరూ."

"అదే అనుకున్యా." వేళ్లతో అన్నంలో గీతలు గీస్తూ అన్నాడు. "ఒగటి అర్థం గాలేదు. సారు కోపమొస్తే కట్టె తీసుకొని కొట్టే మనిషి. ఇట్ల మెత్తగా కోసేది ఆయనకు రాదు. ఎవరక్కా ఆయనకు ఈ ఉపాయం చెప్పింది?"

"నాకు తెలీదు," అన్నాను.

నా మొహం చూశాడు. నమ్మాడు. చిన్నప్పటి నుంచీ నేను చెప్పింది ఏదీ వాడు నమ్మకుండా ఉండలేదు.

జనవరి 3, 1982, ఆదివారం

కరుణ కొలిమిగుండ్లలో చేరాడు. మొన్న బస్సు ఎక్కించాను. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట. బస్సు కదిలాక చెయ్యి ఊపలేదు.

ఈ రోజు చర్చిలో బల్ల దగ్గర మోకరించాను. రొట్టె చేతిలో పెట్టారు. తిన్నాను. పిడుగు పడలేదు. ఓడ కథ రాసినందుకు శిక్ష వస్తుందని రెండేళ్లు భయపడ్డాను. ఇప్పుడు దాన్ని అలా ముగించినందుకు భయంగా ఉంది. ఈ భయం వేరు. ఇది దేవుని భయమే అనుకుంటాను. మునుపటిది మనుషులది.

జీవమ్మక్క నాలుగు పుస్తకాలూ తెచ్చి ఇచ్చింది. సారు ఇంకెవరితోనో చదివించుకునే లోపల ఉంచుకో అంది. చీవాట్లు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. "మిగతాది రాస్తావా?" అని అడిగింది.

రాస్తున్నాను. కాల్చేసిన రెండు పేజీలు మళ్లీ రావడం లేదు. ఎంత ప్రయత్నించినా కప్తాను తాళం తీయడు. అందుకని ఉన్నచోటి నుంచే మొదలుపెట్టాను. వీరన్న కోరంగి ఒడ్డున ఉన్నాడు. ఏ ఓడా అతన్ని ఎక్కించుకోదు. కాని చెన్నపట్నానికి ఒడ్డు వెంబడి నడిచి పోవచ్చు. నాకు సముద్రం తెలియకపోయినా నడక తెలుసు. ఉలి సంచి భుజాన వేసుకుని దక్షిణంగా బయలుదేరాడు. ఏటి కాలువలు అడ్డం వస్తే పీకల్లోతు నీళ్లలో సంచి నెత్తిన పెట్టుకుని దాటుతున్నాడు. టామస్ రెండో ఓడ దిగిపోయాడో లేదో ఇంకా రాయలేదు. దిగుతాడు. ఆ మాట రాసేటప్పుడు చెయ్యి ఆగకూడదని రోజూ ప్రభువును అడుగుతున్నాను. ఇప్పుడు ప్రార్థన ఆగడం లేదు.

అన్నీ కలిపి, ఈ డైరీతో సహా, గుడ్డలో చుట్టి జీవమ్మక్కకు ఇస్తాను. ఆమె తర్వాత ఎవరి చేతికి వస్తుందో తెలియదు. ఎవరైనా సరే, నాదొక్కటే మనవి. వీటిని పొట్లాలకు ఇవ్వకండి, పొయ్యిలో వేయకండి. రెండు రేవుల ముగింపు సిగ్గుగా ఉన్నా అదీ చించకండి. దాచండి. కాని ఎవరికీ చూపకండి. కరుణకు అసలే వద్దు. వాడు అడిగిన రోజు నాకు తెలియదన్నాను. నేను పోయాక కూడా ఆ మాటను అలాగే ఉండనివ్వండి.